ఐరిష్ సినిమా: కొత్త ప్రతిభ, ఎదిగిన పేర్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్కార్ నామినేషన్లు వచ్చిన ప్రతిసారీ ఐర్లాండ్ గురించి అవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి. అంత చిన్న దేశం నుంచి ఇంతమంది ఎలా వస్తున్నారు, కొత్తవాళ్లకు డబ్బు ఎవరిస్తారు, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని అడుగుతూనే ఉంటారు. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

ఐరిష్ సినిమా అంటే ఏది? హాలీవుడ్ వాళ్లు అక్కడికెళ్లి తీసినవి కూడా అందులోకే వస్తాయా?

రావు. 'బ్రేవ్‌హార్ట్' యుద్ధాలు ఐర్లాండ్ పొలాల్లో తీశారు. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'లో సైనికులు దిగే తీరం వెక్స్‌ఫర్డ్ జిల్లాలోది. అయినా అవి ఐరిష్ సినిమాలు కావు. కథ, దర్శకత్వం, నిర్మాణం వీటిలో ముఖ్యమైనవి ఐర్లాండ్ వాళ్ల చేతుల్లో ఉంటేనే దాన్ని ఐరిష్ సినిమా అంటారు. అలాగని బయటి షూటింగులను తక్కువ చేసి చూడకూడదు. విక్లో జిల్లా బ్రే ఊళ్లో 1958లో మొదలైన ఆర్డ్‌మోర్ స్టూడియోస్‌లో బయటివాళ్ల సినిమాలకు పనిచేసే లైట్‌మెన్, కార్పెంటర్లు, మేకప్ వాళ్లు ఆ పనిలో చేయి తిరిగినవాళ్లయ్యారు. తర్వాత వాళ్లే సొంత సినిమాలకు పనికొచ్చారు.

జనాభా 50 లక్షలు. ఇంతమంది నటులు, దర్శకులు ఎలా వస్తున్నారు?

2022 జనాభా లెక్కల్లో ఐర్లాండ్ రిపబ్లిక్ జనాభా 51 లక్షల పైచిలుకు. మన హైదరాబాద్‌లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. వాళ్ల రక్తంలోనే కథలున్నాయని చాలామంది అంటారు కానీ నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. రక్తమే కారణమైతే 1980ల చివర అక్కడ సినిమా దాదాపు ఆగిపోయి ఉండేది కాదు.

అప్పుడు జరిగింది ఇదీ. 1980లో చట్టం చేసి ఐరిష్ ఫిల్మ్ బోర్డు పెట్టారు. 1987లో ఖర్చు తగ్గించుకోవాలని దాన్ని మూసేశారు. ఆ తర్వాత ఎక్కువగా బయటి డబ్బుతో తీసిన రెండు సినిమాలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. 'మై లెఫ్ట్ ఫుట్'కు 1990లో రెండు నటన ఆస్కార్లు వచ్చాయి. 'ది క్రైయింగ్ గేమ్'కు 1993లో నీల్ జోర్డన్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ గెలిచారు. అదే ఏడాది అప్పటి సాంస్కృతిక మంత్రి మైకేల్ డి. హిగ్గిన్స్ బోర్డును మళ్లీ తెరిచారు. తర్వాత రోజుల్లో ఆయనే దేశాధ్యక్షుడయ్యారు. 2018 నుంచి ఆ బోర్డు పేరు స్క్రీన్ ఐర్లాండ్.

నాటకరంగం బలం కూడా ఉంది. డబ్లిన్‌లో ఆబీ థియేటర్ 1904 నుంచి నడుస్తోంది, గాల్‌వేలో డ్రూయిడ్ 1975 నుంచి ఉంది. నటులకు తెర కంటే ముందు వేదిక దొరుకుతుంది.

ఉత్తర ఐర్లాండ్‌ను కూడా కలిపి లెక్కేస్తారా?

ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగమే అయినా, సినిమా వరకు కలిపే చూస్తారు. ఐరిష్ అకాడమీ అవార్డులకు ద్వీపమంతటి వాళ్లూ అర్హులే. డబ్బు మాత్రం వేర్వేరు చోట్ల నుంచి వస్తుంది. ఉత్తరాన నార్దర్న్ ఐర్లాండ్ స్క్రీన్ అనే సంస్థ వేరే ఉంది. బెల్‌ఫాస్ట్ ర్యాప్ బృందం మీద వచ్చిన 'నీక్యాప్'కు రెండు వైపుల నుంచీ సాయం అందింది.

## మొదటి అడుగు వేస్తున్నవాళ్లు

షార్ట్ ఫిల్మ్ తీస్తే అక్కడ ఎవరైనా పట్టించుకుంటారా?

చాలా సీరియస్‌గా తీసుకుంటారు. ఐర్లాండ్ నుంచి నేర్చుకోదగ్గ మొదటి విషయం నా దృష్టిలో ఇదే. స్క్రీన్ ఐర్లాండ్‌కు షార్ట్ ఫిల్మ్‌ల కోసమే విడిగా పథకాలున్నాయి. కథాచిత్రాలకు ఫోకస్ షార్ట్స్, యానిమేషన్‌కు ఫ్రేమ్‌వర్క్స్, డాక్యుమెంటరీలకు రియల్ షార్ట్స్. ఎంపికైన జట్టుకు డబ్బుతో పాటు అనుభవమున్నవాళ్ల సలహా కూడా అందుతుంది.

షార్ట్ ఫిల్మ్‌ల బలం ఆస్కార్ల జాబితాలోనూ కనిపిస్తుంది. లైవ్ యాక్షన్ షార్ట్ విభాగంలో 2006లో మార్టిన్ మెక్‌డోనా 'సిక్స్ షూటర్', 2012లో టెర్రీ జార్జ్ 'ది షోర్', 2016లో బెంజమిన్ క్లియరీ 'స్టటరర్', 2023లో టామ్ బర్క్లీ, రాస్ వైట్ తీసిన 'యాన్ ఐరిష్ గుడ్‌బై' గెలిచాయి. మెక్‌డోనా అప్పటికే నాటక రచయితగా పేరున్నవాడు. అయినా సినిమా దర్శకత్వం షార్ట్ ఫిల్మ్‌తోనే మొదలుపెట్టాడు. తర్వాత 'ది బాన్‌షీస్ ఆఫ్ ఇనిషెరిన్' దాకా వెళ్లాడు.

గాల్‌వే ఫెస్టివల్ పేరు అందరూ ఎందుకు చెబుతారు?

కొత్త ఐరిష్ సినిమా మొదట జనం ముందుకొచ్చేది ఎక్కువగా అక్కడే కాబట్టి. గాల్‌వే ఫిల్మ్ ఫ్లా 1989లో మొదలైంది, ఏటా జులైలో జరుగుతుంది. మొదటి సినిమా తీసిన ఐరిష్ దర్శకులకు ప్రత్యేక అవార్డు, కొత్త ప్రతిభకు బింగమ్ రే పేరిట ఇంకో అవార్డు ఉన్నాయి. షార్ట్ ఫిల్మ్ విభాగాల్లో గెలిస్తే ఆస్కార్ పోటీకి అర్హత వస్తుంది. కథ చెప్పి ఒప్పించే పిచింగ్ పోటీ కూడా పెడతారు.

ఊరు చిన్నది కావడం కొత్తవాళ్లకు కలిసొస్తుంది. సినిమా అయ్యాక నిర్మాతలు, దర్శకులు, విద్యార్థులు అందరూ అవే నాలుగు వీధుల్లో తిరుగుతుంటారు. నిన్న షార్ట్ చూపించినవాడు ఇవాళ పెద్ద నిర్మాతతో టీ తాగుతూ కనిపించడం అక్కడ మామూలే. 2014లో యునెస్కో గాల్‌వేకు సినిమా నగరం హోదా ఇచ్చింది.

కార్క్, డబ్లిన్ ఫెస్టివల్స్ వేరేనా?

వేరు. కార్క్ ఫెస్టివల్ 1956 నుంచి ఉంది, షార్ట్ ఫిల్మ్‌లకు పేరు. డబ్లిన్ ఫెస్టివల్ 2003లో మొదలైంది. దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన సినీ విమర్శకుడు మైకేల్ డ్వయర్ పేరిట డబ్లిన్ విమర్శకులు అక్కడ డిస్కవరీ అవార్డు ఇస్తారు. ఉత్తరాన డెర్రీలో ఫోయిల్ ఫెస్టివల్ ఉంది.

ఇండస్ట్రీలో ఎవరూ తెలియకపోతే అవకాశం వస్తుందా? బ్యారీ కియోగన్ కథ నిజమేనా?

నిజమే. డబ్లిన్‌లో ఒక షాపు అద్దానికి అంటించిన కాగితం చూసి అతను మొదటి సినిమా 'బిట్వీన్ ద కెనాల్స్'కు వెళ్లాడు. చిన్నప్పుడు పెంపుడు ఇళ్లు మారుతూ పెరిగిన కుర్రాడు. తర్వాత ది ఫ్యాక్టరీ అనే చోట నటన నేర్చుకున్నాడు. దాన్ని పెట్టింది జాన్ కార్నీ, లాన్స్ డేలీ, కిర్‌స్టెన్ షెరిడన్. ముగ్గురూ అప్పటికే పేరున్న దర్శకులు. సొంత సినిమాలతో బిజీగా ఉంటూ కూడా కొత్తవాళ్ల కోసం ఓ చోటు ఏర్పాటు చేశారు. బ్యారీకి 'బాన్‌షీస్'లోని పాత్రతో ఆస్కార్ నామినేషన్, బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చాయి.

అందరికీ షాపు అద్దం మీద కాగితం కనిపించదు. అందుకే శిక్షణ సంస్థలు ముఖ్యం. పాల్ మెస్కల్ కిల్డేర్ జిల్లా తరఫున గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాడు. ట్రినిటీ కాలేజీకి చెందిన లిర్ అకాడమీలో చదివాడు. 2020లో 'నార్మల్ పీపుల్' సిరీస్‌తో ప్రపంచానికి తెలిశాడు, మూడేళ్లు తిరక్కుండానే 'ఆఫ్టర్‌సన్'కు ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్ నేర్చుకోవాలంటే డన్ లీరీలో నేషనల్ ఫిల్మ్ స్కూల్ ఉంది.

కొత్త దర్శకుల్లో ఎవరి సినిమాలు చూడాలి?

నన్నడిగితే మొదటి పేరు కొలమ్ బరేడ్. 'ది క్వయెట్ గర్ల్' ఆయన మొదటి కథాచిత్రం. భయం పుట్టించే సినిమాలు ఇష్టమైతే ముగ్గురున్నారు. డేమియన్ మెకార్తీ వెస్ట్ కార్క్ వైపు తక్కువ మందితో, తక్కువ గదులతో 'కేవియట్', 'ఆడిటీ' తీశాడు. కేట్ డోలన్ 'యూ ఆర్ నాట్ మై మదర్'లో డబ్లిన్ శివారు కాలనీలోకి పాత జానపద భయాలను తీసుకొచ్చింది. ఆష్లిన్ క్లార్క్ 'ఫ్రేవాకా'ను ఐరిష్ భాషలో తీసింది. డాక్యుమెంటరీల్లో క్యాథరిన్ ఫెర్గుసన్ తీసిన 'నథింగ్ కంపేర్స్' వదలొద్దు. గాయని షినేడ్ ఓ'కానర్‌ను లోకం ఎంత తప్పుగా అర్థం చేసుకుందో అందులో తెలుస్తుంది.

మహిళా దర్శకులకు విడిగా ఏమైనా ఉందా?

ఉంది. స్క్రీన్ ఐర్లాండ్ 2018లో పీఓవీ అనే పథకం తెచ్చింది. తక్కువ బడ్జెట్‌లో సినిమా తీసే మహిళా దర్శకులకు, రచయిత్రులకు శిక్షణ ఇచ్చి, ఎంపికైన ప్రాజెక్టులకు నిర్మాణ ఖర్చు కూడా ఇస్తారు. చర్చావేదికలు పెట్టి చేతులు దులుపుకోకుండా సినిమా తీయడానికి డబ్బివ్వడం నాకు నచ్చింది.

## డబ్బు సంగతులు

ప్రభుత్వం డబ్బిస్తే తిరిగి కట్టాలా?

షార్ట్ ఫిల్మ్‌లకు ఇచ్చేది గ్రాంటు లాంటిది. పెద్ద సినిమాల నిర్మాణానికి ఇచ్చేది సినిమా సంపాదిస్తే వాటాగా తిరిగి రావాల్సిన డబ్బు. సంపాదించకపోతే దర్శకుడి ఇల్లు వేలం వేయరు. నష్టభయం కొంత ప్రభుత్వం తన మీద వేసుకోబట్టే కొత్తవాళ్లు ధైర్యం చేయగలుగుతున్నారు.

చిన్న మొత్తం ఎంత దూరం తీసుకెళ్తుందో 'వన్స్' సినిమా చూపించింది. సుమారు 1.5 లక్షల డాలర్ల బడ్జెట్, అందులో ఎక్కువ భాగం ఫిల్మ్ బోర్డు ఇచ్చిందే. జాన్ కార్నీ దూరం నుంచి లాంగ్ లెన్స్‌లు పెట్టి డబ్లిన్ గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో తీశాడు. పక్కనుంచి నడిచి వెళ్లేవాళ్లకు షూటింగ్ జరుగుతోందనే తెలియదు. నటులు ఇద్దరూ అసలు నటులే కాదు, సంగీతకారులు. అందులోని 'ఫాలింగ్ స్లోలీ'కి 2008లో ఉత్తమ గీతం ఆస్కార్ వచ్చింది. 2023లో మన 'నాటు నాటు' అందుకున్నదీ ఆ అవార్డే.

సెక్షన్ 481 అంటే ఏమిటి?

పన్ను రాయితీ. ఐర్లాండ్‌లో పెట్టిన అర్హమైన ఖర్చులో 32 శాతం వరకు నిర్మాతకు పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. లెక్కలోకి తీసుకునే ఖర్చుకు పరిమితి 12.5 కోట్ల యూరోలు. పెద్ద నిర్మాణాలు ఈ రాయితీ పొందాలంటే యూనిట్‌లో కొత్తవాళ్లకు పని నేర్పే ప్రణాళిక కూడా ఇవ్వాలి. అంటే విదేశీ సిరీస్ వచ్చినా స్థానిక కుర్రాళ్లు కొందరు పని నేర్చుకునే బయటికొస్తారు. 2 కోట్ల యూరోల లోపు బడ్జెట్ సినిమాలకు అదనంగా 8 శాతం ఇస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. సొంత కథలు చెప్పే చిన్న, మధ్యస్థ సినిమాలకు పనికొచ్చేది ఇదే.

కళాకారులకు వారానికి 325 యూరోలు ఇస్తారట, నిజమేనా?

2022లో ప్రయోగంగా మొదలుపెట్టారు. దేశం మొత్తం మీద 2,000 మందిని లాటరీ పద్ధతిలో తీసుకుని వారానికి 325 యూరోలు ఇచ్చారు. సినిమా రంగం వాళ్లూ అందులో ఉన్నారు. రెండు సినిమాల మధ్య అద్దె ఎలా కట్టాలన్న టెన్షన్ వల్లే చాలామంది రచయితలు ఈ రంగం వదిలేస్తారు. ఆ టెన్షన్ కొంతైనా తగ్గించే ప్రయత్నమిది.

## ఐరిష్ భాష, యానిమేషన్

ఐరిష్ భాష మాట్లాడేవాళ్లే తక్కువ కదా, ఆ భాషలో తీస్తే ఎవరు చూస్తారు?

2022 లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు దాదాపు 18.7 లక్షల మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల దగ్గరే. ఆ మార్కెట్‌ను నమ్ముకుని ఏ ప్రైవేటు నిర్మాతా ముందుకు రాడు. అందుకే 2017లో ఐరిష్ భాషా చానల్ టీజీ4, ఫిల్మ్ బోర్డు, ప్రసార నియంత్రణ సంస్థ కలిసి సినే4 పథకం పెట్టాయి.

'ది క్వయెట్ గర్ల్' అందులోంచే వచ్చింది. క్లేర్ కీగన్ రాసిన 'ఫాస్టర్' దానికి మూలం. 1981 వేసవిలో, పిల్లలెక్కువైన ఇంటి నుంచి ఒక చిన్నపిల్లను దూరపు బంధువుల ఇంటికి పంపుతారు. అంతే కథ. ఒక సన్నివేశంలో అంతవరకు ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడని పెద్దాయన వంటింట్లోంచి వెళ్తూ వెళ్తూ ఒక బిస్కెట్ తీసి టేబుల్ మీద పెట్టి పోతాడు. మాట లేదు, వెనక్కి తిరిగి చూడటమూ లేదు. ఆ పిల్ల దాన్ని తీసుకుంటుంది. ఆ ఇంట్లో తనకు చోటుందని మనకూ తనకూ ఒకేసారి తెలుస్తుంది. పాత సినిమాల్లా ఇరుకైన చదరపు ఫ్రేమ్‌లో తీశారు కాబట్టి పిల్ల చూడగలిగినంతే మనకూ కనిపిస్తుంది.

2022 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో పిల్లల విభాగంలో గ్రాండ్ ప్రీ గెలిచింది. ఆ ఏడాది ఐరిష్ అకాడమీ అవార్డులైన ఇఫ్టాల్లో ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు అవార్డులు తీసుకుంది. ఉత్తమ నటి అవార్డు అందుకున్న క్యాథరిన్ క్లించ్‌కు అప్పటికి 12 ఏళ్లు, అది ఆమె మొదటి సినిమా. ఆస్కార్ నామినేషన్ పొందిన మొదటి ఐరిష్ భాషా చిత్రం కూడా ఇదే. 2024లో 'నీక్యాప్' పూర్తిగా వేరే దారిలో, హోరెత్తే ర్యాప్‌తో అదే భాషను కుర్రకారు నోటికి ఎక్కించింది.

కార్టూన్ సెలూన్ ఎవరిది? డబ్లిన్ కాకుండా కిల్కెనీలో ఎందుకుంది?

టామ్ మూర్, నోరా టూమీ, పాల్ యంగ్ 1999లో పెట్టారు. కిల్కెనీలో యంగ్ ఐరిష్ ఫిల్మ్ మేకర్స్ అనే యువజన సంస్థ ఉంది. టామ్ మూర్ చిన్నప్పుడు అక్కడే సినిమా రుచి చూశాడు, అందుకే ఆ ఊరు వదల్లేదు. ఐర్లాండ్‌కు యానిమేషన్ విద్య అంతకుముందే వచ్చింది. 1980ల్లో అమెరికన్ యానిమేటర్ డాన్ బ్లూత్ తన స్టూడియోను డబ్లిన్‌కు తెచ్చాడు. బాలిఫర్మట్ కాలేజీలో యానిమేషన్ కోర్సు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 1995లో స్టూడియో మూతపడింది, నేర్పిన విద్య మాత్రం మిగిలింది.

'ది సీక్రెట్ ఆఫ్ కెల్స్', 'సాంగ్ ఆఫ్ ద సీ', 'ది బ్రెడ్‌విన్నర్', 'వుల్ఫ్‌వాకర్స్' నాలుగింటికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 'వుల్ఫ్‌వాకర్స్'లో గీతలను గమనించండి. ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉన్న ఊరిని గట్టి నల్లటి గీతలతో, చెక్క అచ్చు బొమ్మల్లా గీశారు. అడవిలోకి వెళ్లగానే పెన్సిల్ గీతలు చెరపకుండా అలాగే వదిలేశారు. ఎవరి లోకం స్వేచ్ఛగా ఉందో మాట అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

## ఎదిగినవాళ్లు, అవార్డులు

ఇఫ్టా అంటే ఏమిటి?

ఐరిష్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ అకాడమీ, అది ఇచ్చే అవార్డులు. 2003లో మొదలయ్యాయి. సినిమాకూ టీవీ డ్రామాకూ ఇస్తారు. జీవిత సాఫల్య పురస్కారం, రైజింగ్ స్టార్ అవార్డు ఒకే వేదిక మీద ఇస్తారు. ఆస్కార్ అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఐర్లాండ్ ఎంట్రీని ఎంపిక చేసేదీ ఈ అకాడమీయే.

కిలియన్ మర్ఫీ కంటే ముందు డేనియల్ డే-లూయిస్ గెలిచాడు కదా?

గెలిచాడు. డే-లూయిస్‌కు ఐరిష్ పౌరసత్వం ఉంది కానీ పుట్టింది లండన్‌లో. ఐర్లాండ్‌లో పుట్టి ఉత్తమ నటుడు ఆస్కార్ అందుకున్న మొదటివాడు మర్ఫీ, 2024లో 'ఓపెన్‌హైమర్'కు. నటనకు ఆస్కార్ గెలిచిన మొదటి ఐరిష్ నటి బ్రెండా ఫ్రికర్, 'మై లెఫ్ట్ ఫుట్'లో తల్లి పాత్రకు.

పేరు వచ్చాక వాళ్లు ఐర్లాండ్‌కు తిరిగి ఏమైనా చేస్తున్నారా?

కొందరు బాగా చేస్తున్నారు. మర్ఫీ 'ఓపెన్‌హైమర్' తర్వాత తనే నిర్మాతల్లో ఒకడిగా 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' తీశాడు. క్రైస్తవ సన్యాసినులు నడిపిన మాగ్డలీన్ లాండ్రీల్లో ఆడపిల్లలను నిర్బంధించిన చరిత్ర మీద చిన్న సినిమా. పెద్ద స్టార్ పక్కన జారా డెవ్లిన్ లాంటి కొత్త నటికి అందులో గుర్తుండిపోయే పాత్ర దొరికింది. డింగిల్ ఊళ్లో మూతపడిన పాత ఫీనిక్స్ సినిమా హాలును కూడా మర్ఫీ దంపతులు కొన్నారు. ఇక ఎలిమెంట్ పిక్చర్స్ అధినేతలు ఎడ్ గైనీ, ఆండ్రూ లో ఇద్దరూ కలిసి 'రూమ్', 'ది ఫేవరిట్', 'పూర్ థింగ్స్' లాంటివి నిర్మించి, డబ్లిన్‌లో కూర్చునే ప్రపంచ స్థాయి సినిమా తీయవచ్చని చూపించారు.

తెర వెనుక వాళ్లకు గుర్తింపు ఉందా?

ఉండాల్సినంత లేదు, నా బాధ అదే. 'ది ఫేవరిట్', 'పూర్ థింగ్స్' కెమెరామన్ రాబీ ర్యాన్ డబ్లిన్ వాడని చాలామందికి తెలియదు. 'ది క్వయెట్ గర్ల్' ఛాయాగ్రాహకురాలు కేట్ మెకల్లా. కాన్సొలాటా బాయిల్ దుస్తుల డిజైన్‌కు పలుసార్లు ఆస్కార్ నామినేషన్లు పొందారు. 'అవతార్: ది వే ఆఫ్ వాటర్' విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నవాళ్లలో రిచర్డ్ బేన్‌హమ్ డబ్లిన్ వాసి.

'నాటు నాటు' గెలిచిన రాత్రి ఐర్లాండ్‌కు కూడా పెద్ద రాత్రేనట?

అవును. 2023లో ఐర్లాండ్‌కు రికార్డుగా 14 నామినేషన్లు వచ్చాయి. 'యాన్ ఐరిష్ గుడ్‌బై' గెలిచినప్పుడు అందులో నటించిన జేమ్స్ మార్టిన్ పుట్టినరోజు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆ నటుడి కోసం హాలంతా హ్యాపీ బర్త్‌డే పాడింది. 'ఆర్ఆర్ఆర్'లోనూ ఐర్లాండ్ ఉంది. గవర్నర్ స్కాట్‌గా చేసిన దివంగత రే స్టీవెన్సన్ ఉత్తర ఐర్లాండ్ లిస్‌బర్న్‌లో పుట్టాడు. లేడీ స్కాట్‌గా కనిపించిన ఆలిసన్ డూడీది డబ్లిన్.

## చూడాలనుకుంటే

దేనితో మొదలుపెట్టాలి? పిల్లలతో చూడొచ్చా?

ఇంటిల్లిపాదీ కూర్చుంటే 'వుల్ఫ్‌వాకర్స్', అది యాపిల్ టీవీలో ఉంది. ఒంటరిగా, తీరిగ్గా అయితే 'ది క్వయెట్ గర్ల్'. సంగీతం ఇష్టమైతే 'వన్స్'. 'బాన్‌షీస్'లో రక్తం, 'నీక్యాప్'లో మత్తుమందులు, బూతులు ఉన్నాయి. పిల్లల ముందు పెట్టకండి.

డబ్లిన్‌లో చదువుకుంటున్నాను. ఈ సినిమాలు ఎక్కడ దొరుకుతాయి?

టెంపుల్ బార్‌లోని ఐరిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లండి. 1992 నుంచి అక్కడ సినిమా హాళ్లు, ఫిల్మ్ ఆర్కైవ్, కేఫ్ ఉన్నాయి. దర్శకులు వచ్చి ప్రేక్షకులతో మాట్లాడే ప్రదర్శనలు తరచూ జరుగుతాయి. డబ్లిన్, గాల్‌వే ఫెస్టివల్స్ వాలంటీర్లను కూడా తీసుకుంటాయి. ఐర్లాండ్ బయట ఉన్నవాళ్లు ఆ సంస్థవారి ఆర్కైవ్ ప్లేయర్‌లో పాత వార్తాచిత్రాలు, ఇళ్లలో తీసుకున్న రీళ్లు, డాక్యుమెంటరీలు ఉచితంగా చూడొచ్చు.